ముట్టింది ఒకచోట, తెలిసింది ఒకచోట

20-4-1998, సోమవారం

రోజుకు నాలుగు లైన్లు రాయాలని, ఆసుపత్రిలో చేతికి కసరత్తు చేయించే హరిణి మేడమ్ ఉత్తరువు. కుడిచేత్తోనే రాయాలి. ఏమి రాసినా సరేనట, ఆమె చదవరట. పెన్ను జారిపోతోంది. నాలుగు లైన్లు అయ్యాయి.

21-4

ప్రసంగాలు రాసుకునే నోటుబుక్కునే తిరగేసి వెనకనుంచి మొదలుపెట్టాను. ముందువైపు దేవుని మాట, వెనకవైపు చెన్నయ్య మాట. మధ్యలో బోలెడు ఖాళీ ఉంది.

23-4

నిన్న రాయలేదు. రాయడానికి ఏమీ లేదన్నాను. జరిగిందే రాయండి, పని మీ చేతికి గానీ నాకు కాదు అన్నారు మేడమ్.

జరిగింది ఇది. జనవరి తొమ్మిది, మొదటి షిఫ్టు. అత్తిబెలెలో మా ఫ్యాక్టరీ షెడ్డులో రేకులు నొక్కి కోసే మూడో నంబరు ప్రెస్సు. రేకు పెట్టాలి, చెయ్యి తీయాలి, పెడల్ తొక్కాలి. పదకొండేళ్ళుగా అదే వరస. ఆ రోజు రేకు పెట్టి పెడల్ తొక్కాను. మధ్యలోది మరిచాను. పక్క మెషీన్ మీద ఉన్న రియాజ్ స్విచ్ ఆపి, తన తువ్వాలు చుట్టి, టెంపో ఎక్కించాడు. బొటనవేలి ఎముక నిలిచింది. గోరుకు ఇవతలి మెత్త అంతా పోయింది.

మొదట చూపిన చోట తొడ చర్మం తీసి అతికించారు. పుండు మానింది గానీ అక్కడ వేలున్నట్టే తెలియదు. చొక్కా గుండీ పట్టదు, చేతిలోది ఎప్పుడు జారిందో తెలియదు. అందుకని మార్చిలో నగరంలోని పెద్దాసుపత్రికి పంపారు. డాక్టర్ వెంకటగిరియప్ప గారు ఉంగరపు వేలి పక్కనుంచి చర్మం ముక్క కోసి, దాని రక్తనాళాన్నీ నరాన్నీ తెంపకుండా, అరచేతి లోపలినుంచి లాగి తెచ్చి బొటనవేలికి కుట్టారు. ఉంగరపు వేలి గుంటకు ముంజేతి చర్మం పూడ్చారు.

ఇప్పుడు బొటనవేలిని ముడితే తెలుస్తుంది. కానీ ఉంగరపు వేలిలో తెలుస్తుంది.

ఉంగరపు వేలి పక్కన ముడితే ఎక్కడా తెలియదు.

24-4

నిన్న ఒకటి వదిలేశాను. పెడల్ తొక్కేటప్పుడు నేను ఆదివారం చెప్పబోయే ప్రసంగాన్ని మనసులో చెప్పుకుంటున్నాను. అందరూ మెషీన్‌ది తప్పు అనుకుంటున్నారు. నేనూ అనుకోనిస్తున్నాను.

27-4

ఆసుపత్రికి వెళ్ళే రోజు. డాక్టరు గారికి మళ్ళీ అదే చెప్పాను, వేలు అబద్ధం చెబుతోందని. ఆయన కన్నడంలో నవ్వుతూ విడమరిచారు. ఇల్లు మారావు, జాబులు ఇంకా పాత అడ్రసుకే వెళ్తున్నాయి, మెదడులో ఉన్న పోస్టుమ్యాన్‌కు కొత్త ఇల్లు అలవాటు కావాలి అన్నారు. ఎన్నాళ్ళు పడుతుందన్నాను. పోస్టుమ్యాన్‌ను బట్టి, అన్నారు.

మేడమ్ కళ్ళు మూయించి, పేపరు క్లిప్పు విప్పి గుచ్చి, ఒక మొనా రెండు మొనలా అని అడుగుతారు. బియ్యం గిన్నెలో గుండీ, రూపాయి బిళ్ళ, తాళంచెవి దాచి వెతకమంటారు. ముందు చూస్తూ ముట్టాలి, తర్వాత కళ్ళు మూసి ముట్టాలి, మళ్ళీ చూస్తూ ముట్టాలి. చూస్తూ ఉన్నంతసేపు "ఇది బొటనవేలు" అని నోటితో చెప్పుకోవాలి. రోజూ లెక్క రాయాలి.

ముట్టింది: బొటనవేలు. తెలిసింది: ఉంగరపు వేలు.

30-4

నా భార్య బేబీతో బళేపేట గుడ్డల బజారుకు వెళ్ళాను. రకరకాల గుడ్డలమీద వేలు రుద్దాలట. వెల్వెట్, గోనె, పల్చటి మల్లు గుడ్డ, ఉన్ని, తలా జానెడు కావాలన్నాం. జానెడు జానెడు నాలుగు రకాలా, ఏ దేవుడికప్పా కుట్టిస్తారు అన్నాడు కొట్టతను. బేబీ నా వేలు చూపించింది. అతను గోనె ముక్కకు డబ్బు వద్దన్నాడు.

వెల్వెట్ బాగుంది. ఉంగరపు వేలికి బాగుంది. బంగారం పాపమని ఇన్నేళ్ళు గొంతు చించుకున్నవాణ్ణి, ఆ వేలికి ఉంగరమే ఎరగను. ఇప్పుడు దానికి వెల్వెట్ తొడిగినట్టుంది.

ముట్టింది: బొటనవేలు. తెలిసింది: ఉంగరపు వేలు.

4-5

టీ గ్లాసు పట్టుకుని రియాజ్‌తో మాట్లాడుతున్నాను. "పాస్టరూ, నీ వేలు కాలతా ఉండాది" అన్నాడు. చూస్తే ఉంగరపు వేలి పక్కన పెద్ద బొబ్బ. నాకు తెలియనే లేదు.

మేడమ్ కోప్పడ్డారు. "నొప్పి లేదంటే బాగుందని కాదండీ. నొప్పి చెప్పలేని చోట మీ కళ్ళే కాపలా ఉండాల."

10-5, ఆదివారం

ఈరోజు కూడా కొండయ్యే ప్రసంగించాడు. కిరాణా కొట్టు నడిపే మనిషి, మా సహవాసానికి పెద్ద. మంచివాడు. వాక్యాన్ని కూడా పొట్లం కట్టి ఇచ్చినట్టు ఇస్తాడు. వెనక వరసలో ఇద్దరు నిద్రపోయారు.

నేను నాలుగో తరగతితో ఆగినవాణ్ణి. గ్రంథం చదవడానికే అక్షరాలు కూడబలుక్కున్నాను. పదేళ్ళుగా అది తప్ప మరేదీ చదవలేదు. చూడకుండా తెరిస్తే కావలసిన చోటికి నా బొటనవేలు వెళ్ళేది. పుటల మందాన్ని బట్టి యోబు ఎక్కడ, యెషయా ఎక్కడ అని దానికి తెలుసు. జనం ముందర కళ్ళు ఆకాశంవైపు పెట్టి, చేత్తో పుట తెరిచి, మాట తప్పకుండా అందుకునేవాణ్ణి. దానికే సగంమంది వచ్చేవాళ్ళు. ఇప్పుడు వేలు వేస్తే మూడు పుటలు ఒక్కసారి లేస్తున్నాయి. ఒకటా మూడా తెలియదు.

కొండయ్య పక్కకు పిలిచి, వచ్చే వారం తర్వాతి ఆదివారం నేను నా వేలి గురించి సాక్ష్యం చెప్పాలన్నాడు. జనం తగ్గుతున్నారట.

12-5

ముట్టింది: బొటనవేలు. తెలిసింది: ఉంగరపు వేలు.

17-5

అదే.

24-5, ఆదివారం

ఈరోజు నిలబడ్డాను. నాలుగు నెలల తర్వాత.

మా ప్రార్థన జరిగే రేకుల షెడ్డు నిండిపోయింది. బయట చెప్పుల వరస రోడ్డుదాకా పోయింది. ఎండిన ఎముకల లోయనుంచి మొదలుపెట్టాను. ఎండిన చెయ్యి బాగైన ఆ ఊచచెయ్యి గలవాడి దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చచ్చిన చర్మంలో ప్రాణం పోసింది ఎవరు అని అడిగాను. డాక్టరా అన్నాను. కాదు అని షెడ్డంతా అరిచింది. కొండయ్య నా కళ్ళకు తువ్వాలు కట్టాడు. అయిదు వేళ్ళూ చాచాను. ఏదో ఒకదాన్ని గుచ్చమన్నాను. పిన్నీసుతో గుచ్చాడు. బొటనవేలు, తెలిసింది, అని అరిచాను. మళ్ళీ గుచ్చాడు. మళ్ళీ చెప్పాను. ఒక్కసారీ తప్పలేదు. పైకప్పు రేకులు అదిరాయి.

ఇందులో అబద్ధమేమీ లేదు. గుచ్చింది బొటనవేలినే. నేను చెప్పింది బొటనవేలనే.

అయ్యాక ముసలామె నర్సమ్మ వచ్చింది. కదిరి వైపునుంచి వచ్చి హోసూరు రోడ్డు పనిలో కంకర మోస్తుంది. షుగరు, కాలికి మానని పుండు. నా బొటనవేలు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

ఇంటికి వస్తుంటే బేబీ అంది, "ఏ వేలని అడిగినారు. ఏడ తెలిసిందని ఎవరూ అడగలేదు. బతికిపోయినావు." విశ్వాసం లేనిదానివి అన్నాను. అనకూడని మాట. అన్నాను.

ముట్టింది: బొటనవేలు. తెలిసింది: బొటనవేలు.

25-5

ముట్టింది: బొటనవేలు. తెలిసింది: బొటనవేలు.

26-5

ముట్టింది: బొటనవేలు. తెలిసింది: బొటనవేలు. రోజూ విశ్వాసంతో రాస్తే అదే నిజమవుతుంది. లేనివాటిని ఉన్నట్టుగా పిలవడమే కదా విశ్వాసం.

1-6, సోమవారం

ఆసుపత్రి. క్లిప్పు పరీక్షలో ఒకటికీ రెండుకీ తేడా బాగా తెలుస్తోందట. గుండీ, బిళ్ళ, తాళంచెవి కళ్ళు మూసుకుని వరసగా తీశాను. మేడమ్ సంతోషపడ్డారు. ఎక్కడ తెలుస్తోందని అడిగారు. ఆమెకు మాత్రం ఉంగరపు వేలనే చెప్పాను. ఎందుకో అక్కడ నోరు తిరగలేదు.

"పోనీలెండి. కొందరికి ఏండ్లు పడతాది, కొందరికి అట్లే ఉండిపోతాది. పట్టేది తెలుస్తా ఉంది కదా, చెయ్యి పనికొచ్చింది" అన్నారు.

నాకు అది చాలదు. కళ్ళు కనిపించని ముసలి ఇస్సాకు సంగతి ఆమెకు చెప్పాను. చిన్నకొడుకు చేతులకు చుట్టుకొచ్చిన మేకతోలు తడిమి, ఒళ్ళంతా వెంట్రుకలున్న పెద్దవాడే వచ్చాడని మోసపోయాడు. గొంతు చిన్నవాడిదని గుర్తుపట్టి కూడా చేతినే నమ్మాడు. ముట్టి తెలుసుకోవడం ఇంత అన్యాయం అన్నాను. ఆమె హిందువు, ఆ కథ వినలేదు. అయితే ఆ ఇంట్లో నిజం చెప్పింది గొంతేనా అన్నారు.

అవును. అక్కడ గొంతు నిజం చెప్పింది, చెయ్యి అబద్ధం చెప్పింది. నా విషయంలో

ఈరోజుకు నాలుగు లైన్లు దాటాయి.

7-6, ఆదివారం

నూటపదిమంది. పుటల మధ్య ఈనెపుల్లలు పెట్టుకుని చదివాను. ఎవరూ గమనించలేదు.

14-6, ఆదివారం

నర్సమ్మ సాక్ష్యం చెప్పింది. కట్టు కట్టించుకోవడం మానేసిందట. మాత్రలు మురిక్కాలువలో పోసిందట. చెన్నయ్య బ్రదర్ వేలికి దిగిన శక్తి తన కాలికీ దిగిందట. ఇప్పుడు ఒక్క రవ్వ నొప్పి లేదట. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ముట్టింది: బొటనవేలు. తెలిసింది: బొటనవేలు.

15-6

నొప్పి లేదు అంది.

16-6

టీ గ్లాసు. నాకూ నొప్పి లేదు ఆ రోజు.

17-6, బుధవారం

ఆగలేక పొద్దున్నే నర్సమ్మ గుడిసెకు వెళ్ళాను. పనికి బయలుదేరబోతోంది. కాలు చూపించమన్నాను. సిగ్గుపడింది. స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పు విప్పబోయాను, రాలేదు. లాగితే వచ్చింది. చెప్పుకు కింద, సెంట్రింగ్ చెక్కలకు కొట్టే మేకు తల కనిపించింది. రెండో కొస కాలి బొటనవేలి మెత్తలోకి పోయి ఉంది. చీము. వాసన.

ఎన్నాళ్ళనుంచి ఉందిది అని అడిగాను.

"ఏది?" అంది.

తర్వాత జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

ఆసుపత్రికి పోదాం లే అన్నాను. రానంది. "నొప్పే లేందానికి ఆసుపత్రి ఏమిటికి బ్రదరప్పా? సందేహపడితే వచ్చిన స్వస్థత పోతాదని నువ్వే కదా చెప్పింది."

"నర్సమ్మా, నా వేలు బాగుకాలేదు" అన్నాను.

"అదేందప్పా. అందరి ముందర తెలిసిందని అరిస్తివే."

"తెలిసింది. ఈడ గుచ్చితే ఈడ తెలిసింది." ఉంగరపు వేలు చూపించాను. "ఉంగరపు వేలు చురుక్కుమంటే గుచ్చింది బొటనవేలినే అని నాకు లెక్క తెలుసు. ఆ లెక్కతో చెప్పినా. ఆ చర్మం దేవుడు ఆకాశంనుంచి పంపింది కాదు, డాక్టరు నా చేతిలోదే తీసి కుట్టినాడు."

ఆమె నా చెయ్యి అందుకుని బొటనవేలిని గోటితో గీకింది. నేను ఉంగరపు వేలు ఎత్తాను. మళ్ళీ గీకింది. మళ్ళీ ఎత్తాను.

"అయితే ఆ పొద్దు అబద్ధం చెప్పినావు."

"సగం చెప్పినా."

"నువ్వు సగం చెప్పినావు. నేను కాలు మొత్తం ఇచ్చేస్తినే అప్పా" అంది. కోపంగా అనలేదు. కంకర తట్టల లెక్క చెప్పినట్టే అంది.

రియాజ్ టెంపో తెచ్చాడు. అడ్మిట్ చేసుకున్నారు.

మే ఇరవై నాలుగునుంచి ఈ పుస్తకంలో తప్పు లెక్క రాస్తూ వచ్చాను. అన్నీ కొట్టేయాలని పెన్ను తీశాను, మళ్ళీ అట్లాగే వదిలాను. ఉండనీ. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాశానంటే ఎవరి కోసం రాశానో తెలియాలి.

ముట్టింది: బొటనవేలు. తెలిసింది: ఉంగరపు వేలు.

19-6

నర్సమ్మకు కాలి బొటనవేలు తీసేశారు. ఇంకో వారం ఆగితే మోకాలిదాకా పోయేదట.

చేతిదీ బొటనవేలే, కాలిదీ బొటనవేలే.

20-6

కొండయ్య వచ్చాడు. రేపు చెప్పబోయేది చెప్పాను. నర్సమ్మతో చెప్పినావు కదా, దేవునితో చెప్పుకో, సంఘానికెందుకు అన్నాడు. నిన్ను చూసి వచ్చినోళ్ళు నిన్ను చూసే పోతారు అన్నాడు. ఆ పిన్నీసు గుచ్చింది కూడా నేనే కదా అన్నాడు చివరికి. అతని భయం నాకు అర్థమైంది. నా భయమూ అదే.

బేబీ రేపటికి చొక్కా ఇస్త్రీ చేసింది. గుండీలు నేనే పెట్టుకోవాలట.

21-6, ఆదివారం

మార్కు ఎనిమిదో అధ్యాయం తెరిచాను. అందరి ముందే, ఈనెపుల్ల పట్టుకుని తెరిచాను.

ఆ గుడ్డివాడి సంగతి నేను ఎప్పుడూ ప్రసంగించలేదు. నచ్చేది కాదు. ప్రభువు ఒకసారి ముట్టాక కూడా సగమే బాగైనవాడు. ఏమైనా కనిపిస్తోందా అని అడిగితే, మనుషులు కనిపిస్తున్నారు గానీ చెట్లు నడుస్తున్నట్టున్నారు అన్నాడు. సాక్షాత్తూ ప్రభువు ముందు నిలబడి, ఇంకా సరిగా లేదయ్యా అని చెప్పాడు. వాడికి సిగ్గేయలేదు. ప్రభువు పరువు పోతుందని భయపడలేదు. అంతా బాగుందని అరిచి ఇంటికి పోయి ఉంటే బతుకంతా చెట్లతోనే కాపురం చేసేవాడు. రెండోసారి ముట్టించుకోగలిగాడంటే మొదటిసారి నిజం చెప్పడం వల్లనే.

ఇంతవరకూ గొంతు బాగానే వచ్చింది. తర్వాత చిన్నదైపోయింది. నేను ఆ గుడ్డివాడిపాటి కూడా కాను అన్నాను. బేబీని పిలిచాను. పిన్నీసు ఇచ్చి, గంతలు లేకుండా, అందరూ చూస్తుండగా గుచ్చమన్నాను. ఆమె బొటనవేలిని గుచ్చింది. నేను ఉంగరపు వేలు ఎత్తి చూపించాను. ఇక్కడ తెలుస్తోంది అన్నాను. డాక్టరు గారి పేరు చెప్పాను. నేర్పిన మేడమ్ పేరు చెప్పాను. ఆ చేతులకు నేర్పు ఇచ్చింది ఎవరో అది కూడా చెప్పాను, అందులో మాత్రం తగ్గలేదు. నర్సమ్మ వేలు పోయింది నా నోటివల్ల అన్నాను. ప్రెస్సు మెషీన్‌ది తప్పు కాదు, పెడల్ తొక్కినవాడిది అన్నాను.

హల్లెలూయా ఎవరూ అనలేదు. ముందు వరసలో ఒకాయన లేచి వెళ్ళాడు. వెనక కొందరు. బయట చెప్పులు వెతుక్కునే చప్పుడు చాలాసేపు వినిపించింది. కొండయ్య వెళ్ళలేదు. కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. చివరికి లేచి, షుగరు మాత్రలు మానేసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. ముగ్గురు చేతులెత్తారు.

ముట్టింది: బొటనవేలు. తెలిసింది: ఉంగరపు వేలు.

28-6, ఆదివారం

ముప్ఫై ఎనిమిది మంది.

6-7

డ్యూటీలోకి తీసుకున్నారు. ప్రెస్సు వద్దని ప్యాకింగుకు వేశారు. రియాజ్ వచ్చి "పాస్టరూ, ఇక్కడ ఎంత ప్రసంగమైనా చెప్పుకో, అట్టపెట్టె కరవదు" అన్నాడు. పెడల్ సంగతి వాడికి మొదటినుంచీ తెలుసట. నా పెదవులు కదలడం చూస్తూనే ఉండేవాడట.

13-7

నర్సమ్మ గుడిసెకు వెళ్ళాను. మెత్త చెప్పులు ఇచ్చారు ఆమెకు. చెప్పు వేసుకునే ముందు దులపాలి, రోజూ అరికాలు చూసుకోవాలి. చేతి అద్దం ఒకటి తీసుకెళ్ళాను. కాలు ఎత్తి అద్దంలో చూసింది. కనిపించడం లేదంది. చూపు మందగించిందట. ఆదివారం వస్తే నేను చూస్తానన్నాను. వస్తానని అనలేదు, రానని అనలేదు.

19-7, ఆదివారం

రాలేదు.

26-7, ఆదివారం

రాలేదు.

2-8, ఆదివారం

నోటుబుక్కు నిండింది. ఈ పుట తర్వాత ముందువైపునుంచి వచ్చిన ప్రసంగం ఉంది, జూన్ ఇరవై ఒకటిది. ఇక ఖాళీ లేదు.

పొద్దున ప్రార్థన మొదలుపెట్టబోతుండగా నర్సమ్మ వచ్చింది. ముందు వరసలో గోడకు ఆనుకుని కూర్చుని, కాళ్ళు నావైపు చాచింది. పెద్దమనిషి, సంఘం మధ్యలో అట్లా కాళ్ళు చాచడం మర్యాద కాదు. ఎవరో ఆమె చీర కుచ్చెళ్ళు సర్దబోయారు. ఆగమంది. నేను గ్రంథం పక్కన పెట్టి వెళ్ళి కూర్చున్నాను. రెండు అరికాళ్ళూ చూశాను. వేళ్ళ సందులు చూశాను. కుడి మడమ దగ్గర చిన్న పగులు తప్ప ఏమీ లేదు. చెప్పాను.

"కండ్లు మూసుకో" అంది.

మూసుకున్నాను. నా చెయ్యి పట్టుకుంది. కంకర మోసిన చెయ్యి, గోనెకంటే గరుకు. గోటితో గీకింది.

"ఏడ?"

"ఉంగరపు వేలు."

"ఆడేనా ఇంకా?"

"ఆడే."

"సరే. చదువు" అంది.

లేచి వెళ్ళి గ్రంథం తీశాను. చదివాను.

ముట్టింది: బొటనవేలు. తెలిసింది: ఉంగరపు వేలు.